కలిపిన రెండు డిస్కుల్లో ఒకటే కనిపిస్తోంది, ఫార్మాట్ కొట్టమంటున్నారు

ప్రశ్న: నమస్కారం. నేను రిటైరైన టీచర్ని, తెనాలిలో ఉంటాను. మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆయన కథలు 140 క్యాసెట్లలో ఉంటే, నాలుగేళ్లు కూర్చుని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించాను. డీ డ్రైవ్ నిండిపోతోందని చెబితే, మా అబ్బాయి రెండేళ్ల కిందట డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఇంకో 2 టీబీ హార్డ్‌డిస్కు కొని, పాత 1 టీబీ డిస్కుతో కలిపి, రెండూ ఒకే డీ డ్రైవ్‌గా కనిపించేలా చేసి వెళ్లాడు. బాగానే పనిచేసింది. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావన్నారని పోయిన నెల షాపులో ఇచ్చాను. విండోస్ ఉన్న పాత చిన్న ఎస్‌ఎస్‌డీ తీసేసి, మదర్‌బోర్డు మీదే బిగించే కొత్తరకం ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ 11 ఎక్కించి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే డీ డ్రైవ్ లేదు. విండోస్‌లో డిస్కుల జాబితా చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 931.51 జీబీ అని ఒక డిస్కే ఉంది, దాని పక్కన డైనమిక్, ఫారిన్ అని రాసి ఉంది. 2 టీబీది అసలు లేనే లేదు. షాపతను "రెండోది పోయిందండీ, మొదటిదాన్ని బేసిక్‌కి మార్చి, ఫార్మాట్ కొట్టి, రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదాం" అంటున్నాడు. అబ్బాయేమో ఫోన్లో చెక్‌డిస్క్ నడపమంటున్నాడు. ఎవరి మాట వినను?

సమాధానం: టీచరుగారూ, ముందు ఆ కంప్యూటర్ ఆపేసి ప్లగ్గు పీకేయండి. ఇది మొత్తం చదివాక మళ్లీ పెట్టుకోవచ్చు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వద్దు. మీరు రాసినదాన్నిబట్టి మీ నాన్నగారి కథలు ఎక్కడికీ పోలేదనే నాకు అనిపిస్తోంది. షాపుకు వెళ్లేదాకా నిక్షేపంగా తిరిగిన డిస్కు, మరమ్మతు అయి ఇంటికి రాగానే కనిపించకుండా పోయిందంటే మొదట అనుమానించాల్సింది డిస్కును కాదు, ఆ మరమ్మతులో ఏమేం మారాయో వాటిని. మీ ఇంట్లో మారినవి మూడు. విండోస్ మారింది, ఎస్‌ఎస్‌డీ మారింది, క్యాబినెట్‌లో తీగలు కదిలాయి. మీకు కనిపిస్తున్న రెండు వింతలకూ ఈ మూడింటిలోనే కారణాలున్నాయి. ఒకటి కాదు, రెండు వేర్వేరు కారణాలు. షాపతను వాటిని కలిపేసి చూడటంతో "పోయింది" అన్న మాట వచ్చింది.

అబ్బాయి చేసిన పనేమిటో ముందు చెబుతాను. డీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అని, కొత్త డిస్కులోని ఖాళీ జాగాను చూపించి ఉంటాడు. ఆ సమయంలో విండోస్ "ఈ డిస్కుల్ని డైనమిక్‌గా మారుస్తాను, సరేనా" అని అడుగుతుంది. అందరిలాగే సరే కొట్టి ఉంటాడు. అప్పట్నుంచి మీ డీ డ్రైవ్ రెండు సంపుటాలుగా అచ్చయిన ఒకే పుస్తకం లాంటిది. మొదటి సంపుటం పాత 1 టీబీ డిస్కు. అది అయిపోయిన చోటు నుంచి రెండో సంపుటం, అంటే 2 టీబీ డిస్కు మొదలవుతుంది. ఏ ఫైలు ఎన్నో పేజీలో ఉందో చెప్పే విషయసూచిక చాలావరకు మొదటి సంపుటంలోనే ఉంటుంది. రెండు సంపుటాలూ పక్కపక్కన ఉంటే తప్ప విండోస్ ఆ పుస్తకాన్ని తెరవదు. సగం పుస్తకం చూపించడం దానికి చేతకాదు.

ఇక ఫారిన్ అన్న మాట. డైనమిక్ డిస్కులు ఒక్కొక్కటీ తమలో 1 ఎంబీ పాటి జాగాలో ఒక చిట్టా దాచుకుంటాయి. ఈ గుంపులో ఎన్ని డిస్కులున్నాయి, ఏ డ్రైవ్‌లో ఏ ముక్క ఎక్కడుంది అన్న వివరమంతా అందులో ఉంటుంది. ఆ గుంపుకి మీ పాత విండోస్‌లో ఉన్న కంప్యూటర్ పేరే ఇంటిపేరు. కొత్తగా ఎక్కించిన విండోస్ 11కి ఆ ఇంటిపేరు తెలియదు. అందుకని "ఇది నా తాలూకు కాదు, పరాయిది" అని గుమ్మంలోనే నిలబెట్టింది. పరాయిది అంటోంది గానీ పాడైంది అనడం లేదు చూడండి. పాడైతే వేరే మాటలు వాడుతుంది: ఎర్రర్స్ అనో, అన్‌రీడబుల్ అనో రాస్తుంది. పైగా డైనమిక్, ఫారిన్ అని గుర్తుపట్టగలిగిందంటేనే ఆ డిస్కు తిరుగుతోందనీ, దానిలోని చిట్టా చదవడానికి అందుతోందనీ అర్థం.

931.51 అంకె చూసి కూడా కంగారు పడకండి. తయారు చేసినవాళ్లు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ వెయ్యికి బదులు 1024తో భాగిస్తూ పోతుంది. ఉన్నదంతా ఉంది, కొలపాత్ర వేరు. అలాగే మీ 2 టీబీది 1863 జీబీ అని కనిపించాలి. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, దానికోసమే మనం వెతుకుతున్నాం.

అదెందుకు లేదు? నా అనుమానం కొత్త ఎస్‌ఎస్‌డీ మీద. అంటే అది చెడ్డదని కాదు. మదర్‌బోర్డు మీదే పడుకోబెట్టి బిగించే ఆ రకాన్ని ఎం.2 అంటారు. ఇళ్లలో వాడే చాలా మదర్‌బోర్డుల్లో ఆ ఎం.2 గాడికీ, హార్డ్‌డిస్కుల కేబుళ్లు తగిలించే సాటా పోర్టుల్లో ఒకటి రెండింటికీ దారి ఒక్కటే. గాడిలో ఏదైనా పెట్టారో, ఆ పోర్టు మూగబోతుంది. ఎర్ర దీపం వెలగదు, మెసేజ్ రాదు. ఆ పోర్టుకు తగిలించిన డిస్కుకు కరెంటు అందుతూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ కంప్యూటర్‌కు మాత్రం కనిపించదు. ఏ గాడి ఏ పోర్టును మింగేస్తుందో మదర్‌బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో ఓ మూల రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, షాపుల్లో అయితే తొలిరోజే అట్టపెట్టెతో సహా పోతుంది. మీ షాపతన్ని నేను తప్పుపట్టడం లేదు. పదిమంది ఎదురుచూస్తుంటే అతను మాత్రం ఎక్కడ చూస్తాడు? కాకపోతే పుస్తకం చూడకుండా "పోయింది" అనకుండా ఉండాల్సింది.

ఇది కాకపోతే ఇంకా మామూలు కారణం. క్యాబినెట్ తెరిచినప్పుడు చెయ్యి తగిలి ఏదో కేబుల్ వదులైంది.

ఇప్పుడు ఆ రెండు సలహాల సంగతి. అబ్బాయి చెప్పిన చెక్‌డిస్క్ నడపాలంటే ముందు డ్రైవ్ అంటూ ఉండాలి కదా, మీకు డీ అన్నదే లేదు. కాబట్టి అది ఇప్పుడు నడవదు, నడవకపోవడం మీ అదృష్టం. చెక్‌డిస్క్‌కు మీ ఫైళ్ల మీద ప్రేమ లేదు. దానికి కావాల్సింది విషయసూచిక తప్పుల్లేకుండా ఉండటం. సూచికలో పేజీ నంబరు కుదరకపోతే ఆ పద్దునే కొట్టేసి "సరిచేశాను" అంటుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద అది మంచి పనిమంతురాలు. అనుమానం ఉన్న డిస్కు మీద, అందులోనూ కాపీ లేనిదాని మీద, దాన్ని తోలకూడదు.

షాపతను చెప్పినదాని గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఫారిన్ అని ఉన్న డిస్కు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో రెండు వాక్యాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకటి "ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్". ఇంకొకటి "కన్వర్ట్ టు బేసిక్ డిస్క్". మొదటిది పరాయివాణ్ణి ఇంట్లోకి రమ్మనడం. రెండోది, నేనిందాక చెప్పిన చిట్టాను చింపేయడం. చిట్టా చిరిగితే రెండు సంపుటాలూ ఒకే పుస్తకమని చెప్పే సాక్ష్యం ఆ డిస్కులో ఉండదు. లోపలి పాటలూ కథలూ అప్పటికీ అక్కడే ఉంటాయి గానీ, వాటిని బయటికి తీయడం అరగంట పని కాస్తా వారాల పని అవుతుంది. ఆపైన ఫార్మాట్ కొడితే ఇంకా చిక్కు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ముందు ఫార్మాట్ కొట్టడం అవసరమని నేనెక్కడా చూడలేదు. దొంగలు పడని ఇంట్లో అన్నీ చిందరవందర చేసి, ఆ తర్వాత ఏం పోయిందో వెతుకుదాం అన్నట్టుంది.

మధ్యలో ఒక పిట్టకథ చెబుతాను, హరికథ ఇంటి ఆడపడుచు కాదనరు. కొన్నేళ్ల కిందట వేగం కోసమని నేను రెండు 500 జీబీ డిస్కుల్ని రెయిడ్ 0 పద్ధతిలో కలిపాను. అది మీదానికంటే మొండిది. ప్రతి ఫైలునూ సన్నటి ముక్కలుగా తరిగి ఒకటి ఇందులో, ఒకటి అందులో వేస్తుంది. ఒకరాత్రి మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, బయోస్, అంటే విండోస్ కంటే ముందు నిద్రలేచే మదర్‌బోర్డులోని ప్రోగ్రాం, తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. రెయిడ్ అని ఉండాల్సిన చోట, డిస్కుల్ని విడివిడిగా చూసే ఏహెచ్‌సీఐకి మారింది. తేదీ కూడా ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది, అది చూసైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే "కొత్త డిస్కు ఉంది, ఇనీషియలైజ్ చేయమంటారా" అని మర్యాదగా అడిగింది. నిద్రమత్తులో ఓకే నొక్కాను. బయోస్‌లో ఒక్క మాట మార్చి ఉంటే చాలు, అంతా తిరిగొచ్చేది. నొక్కినందుకు మూడు వారాలు కూర్చుని తవ్వుకున్నాను, అయినా మా మేనకోడలి అన్నప్రాసన వీడియో సగమే దొరికింది. మా చెల్లెలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. అప్పట్నుంచి కంప్యూటర్ ఎంత మర్యాదగా అడిగితే నేను అంత అనుమానంగా చూస్తాను. మీకు కూడా ఇనీషియలైజ్ అనో, ఫార్మాట్ అనో, "స్కాన్ చేసి సరిచేయనా" అనో ఏ పెట్టె వచ్చినా క్యాన్సిలే.

ఇక పనిలోకి దిగుదాం. ఇది మీరే చేయొచ్చు. భయమనిపిస్తే షాపతన్నే ఇంటికి పిలిపించి మీ ఎదురుగా చేయించండి, కానీ డిస్కులు మాత్రం షాపుకు పంపకండి.

ప్లగ్గు పీకి ఉంది కదా. క్యాబినెట్ పవర్ బటన్‌ను ఒకసారి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు విప్పి, ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీయండి. ఏ తీగ ఎక్కడుందో రేపు మీకు గుర్తుండదు. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ఒకసారి తాకి ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టండి. ఒక్కో హార్డ్‌డిస్కుకూ రెండు కేబుళ్లు వస్తాయి. వెడల్పాటిది కరెంటు, సన్నటిది సమాచారం. 2 టీబీ డిస్కు సన్న కేబుల్ పట్టుకుని మదర్‌బోర్డు దాకా వెళ్లండి. అది తగిలిన పోర్టు పక్కన సాటా అని, ఓ అంకె అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె రాసుకోండి. ఇప్పుడు చూడండి, పాత ఎస్‌ఎస్‌డీ తీసేశారు కాబట్టి దాని పోర్టు ఖాళీగా ఉండాలి. 2 టీబీ కేబుల్‌ను ఆ ఖాళీ పోర్టుకు మార్చండి. డిస్కు వైపు కూడా రెండు కేబుళ్లూ ఒకసారి తీసి గట్టిగా పెట్టండి. ఇంట్లో ఇంకో సాటా కేబుల్ ఉంటే అదే వాడేయండి, ఈ తీగల ఖరీదెంత గనుక.

విండోస్‌లోకి వెళ్లకుండా ముందు బయోస్‌లోకి వెళ్లండి. ఆన్ చేయగానే డిలీట్ బటన్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే చాలా కంప్యూటర్లలో వస్తుంది. అక్కడ డిస్కుల జాబితాలో 2 టీబీది కనిపించిందా, మన పనిలో ముప్పాతిక భాగం అయిపోయింది. సేవ్ చేయకుండా బయటికి వచ్చేయండి.

విండోస్ తెరిచాక డిస్క్ మేనేజ్‌మెంట్‌కు పోయే ముందు ఇంకో చిన్న పని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది. డిస్కు తన ఒంట్లో బాగోగులు తానే రాసుకుంటుంది, దాన్ని ఇది చదివి చూపిస్తుంది. డిస్కులోని మీ సమాచారం జోలికి పోదు. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. అయినా నాలుగు వరుసలు కళ్లతో చూడండి: 05, సీ5, సీ6, సీ7. మొదటి మూడింటి ఎదురుగా చివరి గడిలో అన్నీ సున్నాలుంటే డిస్కు లోపల తిరిగే పళ్లేనికి మచ్చల్లేవని అర్థం. సీ5లో అంకె ఉందంటే కొన్ని చోట్ల చదవలేక తడబడుతోందని. అలాగైతే ఇక్కడే ఆగి, నేను కింద డీడీరెస్క్యూ గురించి రాసిన చోటు చూడండి. సీ7 మాత్రం డిస్కు జబ్బు కాదు, కేబుల్ జబ్బు. ఆ అంకె ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. ఆ గడిలో అంకెలు మామూలుగా పదహారు లెక్కలో ఉంటాయి, 10 అని ఉంటే అది పదహారు. తెలుగు చెప్పిన టీచరైనా, లెక్కలు చెప్పిన టీచరైనా ఇక్కడ ఒకసారి పొరపడతారు.

రెండూ బాగున్నాయనుకుందాం. ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 931.51 ఒకటి, 1863 ఒకటి, రెండూ ఫారిన్ అనే కనిపించాలి. వాటిలో ఏదో ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్ అనండి. గుంపుగా రెండింటినీ కలిపి చూపిస్తుంది. ముందుకు వెళితే, దిగుమతి చేసే ముందు, ఏ డ్రైవ్ ఏ స్థితిలో ఉందో ఒక చిన్న పట్టిక చూపిస్తుంది. ఈ ప్రశ్నకు సమాధానమంతా ఆ పట్టికలోనే ఉంది. అక్కడ ఓకే అని ఉంటేనే మీరు ఓకే నొక్కండి. "డేటా ఇన్‌కంప్లీట్" అని ఉంటే రెండో సంపుటం అందలేదని అర్థం, క్యాన్సిల్ కొట్టి బయటికి రండి. ఒక్క డిస్కు మాత్రమే కనిపిస్తున్నప్పుడు ఇంపోర్ట్ చేస్తే వచ్చే చిక్కు అదే. అందుకే ఇంతసేపూ కేబుళ్ల గురించి చెప్పాను.

అంతా సవ్యంగా జరిగితే కొన్ని క్షణాల్లో డ్రైవ్ వచ్చేస్తుంది. డీ అనే అక్షరమే రాకపోవచ్చు, ఈలోగా దాన్ని ఇంకేదో తీసుకుని ఉండొచ్చు. పర్లేదు. అక్షరం అసలు రాకపోతే రైట్ క్లిక్‌లో చేంజ్ డ్రైవ్ లెటర్ ఉంటుంది. కొన్ని ఫోల్డర్లు "మీకు అనుమతి లేదు" అనవచ్చు, పాత విండోస్‌లోని మీ ఖాతా వేసిన తాళం అది. ఫైళ్లు పాడైనట్టు కాదు.

ఇంకో దారి కూడా ఉంది, నన్నడిగితే అంతకంటే నెమ్మదైన దారి. మీ పాత ఎస్‌ఎస్‌డీ షాపులోనే ఉండిపోయిందా? మీ సొమ్మే కదా, అడిగి తెచ్చుకోండి, వాళ్లు దాన్ని ఇంకా చెరిపేయకపోతే. కొత్త ఎం.2 తీసి పక్కన పెట్టి, ఫోటోలో ఉన్నట్టే కాకుండా షాపుకు వెళ్లకముందు ఎలా ఉందో అలా పాతదాన్ని బిగిస్తే, ఆ పాత విండోస్‌కు ఈ రెండు డిస్కులూ సొంతవాళ్లే. ఫారిన్ అన్న మాటే రాదు, డీ డ్రైవ్ మామూలుగా వచ్చేస్తుంది. పోగొట్టుకున్న చోటే వెతకాలంటారు కదా. కాపీ తీసుకునేదాకా ఇంటర్నెట్ పెట్టకుండా వాడుకుంటే విండోస్ 10 అయినా మునిగిపోయేదేం లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు చూసుకోని లెక్క ఒకటి చెబుతాను. సీడీ నాణ్యతతో ఎక్కించిన శబ్దం నిమిషానికి 10 ఎంబీ కంటే కాస్త ఎక్కువ. అంటే 90 నిమిషాల క్యాసెట్ ఒక్కోటీ సుమారు 950 ఎంబీ. 140 క్యాసెట్లూ అంత పెద్దవే అనుకున్నా మొత్తం 133 జీబీ. మీ డ్రైవ్ సైజు 2794 జీబీ. మళ్లీ తేలేనిది, మీ నాలుగేళ్ల కష్టం, నాన్నగారి గొంతు, చిడతల చప్పుడు, అన్నీ కలిపినా అందులో ఇరవయ్యో వంతు లేదు. మిగిలిందంతా ఏమిటో నాకు తెలియదు, సినిమాలూ సీరియళ్లూ అయితే అడగను.

కాబట్టి డ్రైవ్ కనిపించిన క్షణాన వేరే ఏ ఫైలూ తెరిచి చూసుకోకుండా, ముందు ఆ 133 జీబీని బయటి హార్డ్‌డిస్కు మీదకు కాపీ చేయండి. కట్ చేయకండి, కాపీ. వెనకవైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టు వాడితే అరగంటలో అయిపోతుంది, పాతరకం పోర్టైతే గంటకు పైనే. తర్వాత ఇంట్లో ఫోటోలు. తర్వాత మిగిలినవి. ఆ వెంటనే కథలు మాత్రం ఇంకోచోట రెండో కాపీ. 256 జీబీ పెన్‌డ్రైవ్‌లో కూడా పట్టేస్తాయి, కానీ పెన్‌డ్రైవ్‌ను నమ్ముకుని ఊరుకోవద్దు. అబ్బాయి దగ్గర ఒక కాపీ ఉండాలి. ఇంటర్నెట్‌లో పంపుతారో, వచ్చినప్పుడు పట్టుకెళతాడో మీ ఇష్టం. క్యాసెట్లు పారేయలేదు కదా? పారేయకండి. తడి తగలని చోట నిలబెట్టి పెట్టండి. బూజు పట్టినవాటిని మాత్రం మంచివాటితో కలపొద్దు.

సీ5లో అంకెలు కనిపించినా, లేదా పోర్టు మార్చినా, కేబుల్ మార్చినా, 2 టీబీది బయోస్‌లోనే రాకపోయినా దారి వేరు. కనిపిస్తూ తడబడుతున్న డిస్కును నేరుగా వాడుకుంటూ కాపీ చేయకూడదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు మరో పెద్ద డిస్కు మీదకు అచ్చు దింపాలి. విండోస్‌కు బదులుగా వాడే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే పనిముట్టు ఇందుకే ఉంది. చదవగలిగినవి ముందు చదివేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలి, ఎక్కడ ఆగిందో రాసుకుంటూ పోతుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలెడుతుంది, తెనాలి వేసవికి ఇది తక్కువ సుగుణం కాదు. ఇది తెలిసినవాళ్ల చేత చేయించండి. లినక్స్‌లోనే ఎల్‌డీఎం‌టూల్ అనేది విండోస్ డైనమిక్ గుంపుల్ని అర్థం చేసుకోగలదు, రాయకుండా చదవడానికి మాత్రమే తెరిపించవచ్చు.

డిస్కు టక్ టక్ మని ఒకే వరసలో కొట్టుకుంటుంటే మాత్రం కరెంటు తీసేయండి. లోపల సూది తన చోటు వెతుక్కోలేకపోతోంది. అలా నడిపిన ప్రతి నిమిషం నష్టమే. మూత విప్పడం, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే డిస్కులోనూ పడుతుంది. అప్పుడు డేటా రికవరీ ల్యాబే గతి. వాళ్లకు పాడైన డిస్కు ఒక్కటే ఇస్తే లాభం లేదు, రెండూ ఇవ్వాలి. ఏం దొరుకుతుందో ముందు చూపించి ఆ తర్వాతే డబ్బు తీసుకుంటారా అని అడగండి. అసలు డిస్కుల్ని వెనక్కిస్తారా అని కూడా. మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. మీ అబ్బాయి నాలాగా ముక్కలుగా తరిగే పద్ధతి వాడలేదు, వరసగా అతికించే పద్ధతి వాడాడు. రెండోది నిజంగా పోయినా, మొదటి డిస్కులో పూర్తిగా ఇమిడిన ఫైళ్లు పేర్లతో సహా దొరికే అవకాశం ఎక్కువ. మీరు క్యాసెట్లు ఎక్కించింది ఎక్కువగా ఆ కలపడానికి ముందే కదా.

ఇంకో హెచ్చరిక. ఎవరైనా డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి చూసి "చూశారా, ఏమీ లేదు" అంటే నమ్మకండి. యూఎస్‌బీ ద్వారా పెట్టిన డైనమిక్ డిస్కుల్ని విండోస్ ఒప్పుకోదు. సాటా పోర్టుకు నేరుగా తగిలిస్తేనే పరీక్ష.

అబ్బాయి మీద కోప్పడకండి, నేను చేసిన తప్పే చేశాడు. కానీ ఇది చెప్పాల్సింది అతనికే కాబట్టి, ఈ పేరా ఫోన్లో చదివి వినిపించండి. ఏడాదిలో ఒక డిస్కు పోయే అవకాశం నూటికి అయిదు అనుకుందాం, ఉదాహరణకే. రెండింటిని అతికిస్తే మొత్తం డ్రైవ్ కూలే అవకాశం నూటికి దాదాపు పది అవుతుంది. ఏది పోయినా రెండూ పోయినట్టే కాబట్టి. జాగా పెరిగిన మాట నిజమే, ఆయుష్షు మాత్రం రెండింటిలో బలహీనమైనదానిది. డైనమిక్ డిస్కులు విండోస్ 2000 నాటివి, మైక్రోసాఫ్ట్ సంస్థే వీటిని ఇక వాడొద్దని చెబుతోంది. వాటి బదులు తెచ్చిన స్టోరేజ్ స్పేసెస్‌లో ప్రతిదీ రెండు డిస్కుల్లోనూ రాసే అద్దం పద్ధతి ఉంది, కానీ మీ డిస్కులతో అలా చేస్తే 1 టీబీయే మిగులుతుంది. మీకు అది కూడా అక్కర్లేదు. అన్నీ బయటికి కాపీ చేసుకుని, రెండుచోట్లా తెరిచి విని చూసుకున్న తర్వాత, ఆ అతుకు విప్పేసి రెండు డిస్కుల్నీ విడివిడిగా పెట్టుకోండి. "అన్నీ ఒకే డీలో కనిపించాలి" అన్నదే అమ్మ కోరిక అయితే, దానికి అతికించనక్కర్లేదు. రెండో డిస్కుకు అక్షరం ఇవ్వకుండా, డీ డ్రైవ్‌లోని ఒక ఖాళీ ఫోల్డర్‌కు తగిలించే వీలు అదే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉంది. డీలో "హరికథలు" అనే ఫోల్డర్ తెరిస్తే మీరు నిజానికి రెండో డిస్కులో ఉంటారు. చూడటానికి ఒకటే, ఉండటానికి రెండు. ఒకటి పోయినా రెండోది తన మానాన తాను బతుకుతుంది.

టీచరుగారూ, పోర్టు మార్చాక బయోస్‌లో 2 టీబీది కనిపించిందో లేదో ఒక కార్డు ముక్క రాయండి. కనిపించకపోతే, ఆన్ చేసినప్పుడు ఆ డిస్కు మీద వేలు ఆనిస్తే సన్నగా వణుకు తెలిసిందా లేదా అన్నది కూడా రాయండి. వణుకు ఉంటే ఒక రకం జవాబు, లేకపోతే కరెంటు కేబుల్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడదాం.